జేమ్స్ స్టార్లీ

అనంతపురము జిల్లాలో కల్యాణదుర్గమునకు దక్షిణముగా, కర్ణాటకపు సరిహద్దు చేరువను, కుందుర్పి యను గ్రామము కలదు. కొండమీద పాత దుర్గము, కొండక్రింద ఊరు, ఊరిచుట్టు మెట్టపొలములు. వాన చాలని సీమ. అచ్చటి రైతులు తరతరములుగా జొన్నలను, రాగులను, వేరుశెనగకాయలను ఎడ్లబండ్లపై ఇండ్లకు చేర్చుకొనుచు వచ్చిరి. బండి మలుపు తిరుగునపుడు దాని చక్రములను పరికించి చూచినవారికి ఒక విషయము తెలియును. మలుపునకు లోపలివైపు నున్న చక్రము మెల్లగా దొర్లును. వెలుపలివైపు నున్నది వడిగా దొర్లును. లోపలి చక్రము పోవలసిన దారి పొట్టి. వెలుపలి చక్రము పోవలసిన దారి పొడుగు. రెండు చక్రముల నడుమ 4 అడుగుల ఎడమున్నచో, బండి ఒక పూర్తి చుట్టు తిరిగి వచ్చునప్పటికి వెలుపలి చక్రము లోపలిదానికంటె సుమారు 25 అడుగులు ఎక్కువ నడచును. చుట్టు పెద్దదైనను చిన్నదైనను ఈ తేడా మారదు. నమ్మనివారు కాగితముపై వృత్తములు గీచి లెక్కించుకొనవచ్చును. ఎడ్లబండికి దీనివలన చిక్కు లేదు. ఇరుసు కదలదు, దాని రెండు కొనలయందును చక్రములు దేనికది విడిగా తిరుగును, కడచీలలు వానిని జారిపోనీయవు. ఎడ్లు లాగుచుండగా చక్రములు ఊరక దొర్లుచుండును. అంతే.

చక్రమే బండిని నడుపవలసి వచ్చినపుడు మాత్రము కథ మారును. రెండు చక్రములను ఇరుసునకు బిగించి, ఆ ఇరుసునే త్రిప్పి బండిని నడిపినచో, రెండును సమానముగ తిరిగి తీరవలెను. తిన్నని దారిలో బాధ లేదు. మలుపులో నొక చక్రము నేలపై ఈడ్వబడును. లేదా ఇరుసు మెలిపడును. లేదా బండి మలుపునకు లొంగక మొండికేసి నేరుగ పోవును. పోనిండని ఒక్క చక్రమునే త్రిప్పి రెండవదానిని విడిచిపెట్టినచో, బండి యొక ప్రక్కకు లాగును. ఈ చిక్కును వీథిలో నడచు వాహనముల విషయమున విడదీసి, నేటి మోటారుబండ్లకు దారి చూపినవారిలో ఒక తోటమాలి కలడు. ఆతడు బడిచదువు అంతగా లేనివాడు. ఆతని పేరు జేమ్స్ స్టార్లీ.

ఇంగ్లాండు దేశమున ససెక్సు మండలమందలి ఆల్బోర్ను అను పల్లెలో, 1830వ సంవత్సరము ఏప్రిల్ 21వ తేదీన స్టార్లీ జన్మించెను. తండ్రి డేనియల్ స్టార్లీ సేద్యము చేసి బ్రదుకువాడు. ఆ దేశమున పిల్లలు తప్పక బడికి పోవలెనను శాసనము 1880లో గాని రాలేదు; అందుచేత జేమ్స్ తొమ్మిదవ ఏటనే పొలము పనిలో ప్రవేశించెను. నాగలి, గడ్డపార, పశువుల దొడ్డి, ఇవియే ఆతని బడి. కాని ఆ బాలుని చేతులు ఊరకుండెడివి కావు. పొలమున ఎలుకల బెడద యెక్కువగా నుండగా, పాత గొడుగు ఊచతోను చెట్టుకొమ్మతోను ఆతడొక ఎలుకల బోనును కల్పించెనని చెప్పుదురు. గొడుగు ఊచ వంగి మరల తిన్ననగుటను ఎందరో చూచియుందురు. దానిని బోనునకు ఉపయోగింపవచ్చునని తోచినవాడు ఆతడే.

పొలము పని ఆతని మనస్సునకు చాలలేదు. ఇంకను మీసము రాని వయస్సుననే ఇల్లు విడిచి లండను నగరమువైపు బయలుదేరెను. నగరపు పొలిమేరయందు జాన్ పెన్ అను ధనికుడు కలడు. ఆవిరియోడలకు యంత్రములు నిర్మించుటలో ఆతనికి గొప్ప పేరు. ఆ పెన్ గారి తోటలో స్టార్లీ చిన్నమాలిగా కుదిరెను. పగలు పాదులు త్రవ్వుట, మొక్కలకు నీరు పోయుట. రాత్రులు ఇరుగుపొరుగువారి గడియారములను విప్పి బాగుచేయుట. గడియారములవలన నాలుగు కాసులు చేతికి వచ్చెడివి. అంతకంటె ముఖ్యముగ, పండ్లచక్రమొకటి మరియొకదానిని ఎట్లు త్రిప్పునో ఆతని వ్రేళ్లకే తెలిసిపోయెను. ఎత్తు తగ్గించుటకును పెంచుటకును వీలైన క్రొవ్వొత్తి స్తంభము, ఒకే త్రాటితో పైకిని క్రిందికిని లాగదగిన కిటికీ తెర, పసిపిల్లల యుయ్యాలను తనంతట ఊగించు సాధనము, ఇట్టివి పెక్కు ఆ తోటమాలి గుడిసెలో పుట్టెను. 1853లో జేన్ టాడ్ అను నామెను వివాహమాడెను. కుటుంబము పెరిగెను, జీతము మాత్రము తోటమాలి జీతమే.

ఒకనాడు యజమాని తన భార్యకొరకు కుట్టుయంత్రమును కొని తెచ్చెను. ఆ రోజులలో కుట్టుయంత్రమనగా అరుదైన వస్తువు. వెల కూడ హెచ్చు. కొన్నాళ్లకు అది చెడిపోయెను. దూరమునుండి పనివానిని పిలిపింపవలసిన పని లేకుండ, తోటమాలియే దానిని విప్పి, లోపము కనిపెట్టి, మరల బిగించి నడిపించెను. అంతటితో నాగక, ఆ యంత్రమునకు ఏయే మార్పులు చేసినచో ఇంకను బాగుగ కుట్టునో కూడ చెప్పెను. మంచి తోటమాలిని పోగొట్టుకొనుట ఏ యజమానికిని ఇష్టము కాదు. పెన్ గారు స్వయముగ యంత్రములు తెలిసినవాడు గనుక, ఈ మనుష్యుడు ఉండవలసిన చోటు తోట కాదని గ్రహించెను. కుట్టుయంత్రముల వ్యాపారములో భాగస్వామియైన జొసయ్య టర్నరునకు ఆతనిని గూర్చి తెలియజేసెను. 1859లో స్టార్లీ లండనులోని కుట్టుయంత్రముల కర్మాగారమున చేరెను. అప్పటికి ఆతని వయస్సు 29 ఏండ్లు.

రెండు మూడేండ్లు గడచునప్పటికి టర్నరును స్టార్లీయు లండను విడిచి కవెంట్రీ అను పట్టణమునకు తరలిరి. వారు వెళ్లిన సమయమున కవెంట్రీ దుఃఖములో మునిగియుండెను. ఆ పట్టణమునకు పట్టు రిబ్బనుల నేత ప్రాణము. వేలకొలది కుటుంబములు మగ్గముపైననే బ్రదికెడివి. 1860లో ఇంగ్లాండు ఫ్రాన్సుతో వర్తకపు ఒడంబడిక చేసికొని, ఫ్రెంచి పట్టువస్త్రములపై నుండిన సుంకమును ఎత్తివేసెను. ఫ్రెంచి రిబ్బనులు అంగళ్లను ముంచెత్తెను. కవెంట్రీ మగ్గములు ఆగిపోయెను. పిల్లలకు గంజి కాచిపోయువారు కూడ కరవైరి. వేలమంది ఇల్లువాకిళ్లు విడిచి, ఇతర పట్టణములకును సముద్రముల కావలికిని పోయిరి. ధర్మవరపు మగ్గములు ఆగినపుడు నేతవారి ఇండ్లలో నేమగునో, వానలు తప్పినపుడు మెట్టసీమ పల్లెలనుండి ఎందరు బెంగుళూరు దారి పట్టుదురో ఎరిగినవారికి, కవెంట్రీ స్థితిని వేరుగ వర్ణింపనక్కరలేదు.

ఆ పట్టణమున గడియారములు చేయువారును పెక్కుమంది యుండిరి. సన్నని పనికి అలవడిన చేతులు. పని మాత్రము లేదు. కుట్టుయంత్రముల కర్మాగారము అట్టివారిలో కొందరికి పని యిచ్చెను. స్టార్లీ అచ్చట పనివారిపై పెద్దగా నుండి, కుట్టుయంత్రమునకు క్రొత్త క్రొత్త మార్పులు చేసి, కొన్నింటికి పేటెంటులు పొందెను. తోట పనిలో నుండినప్పుడు పండ్లచక్రములు ఆతనికి రాత్రిపూట వేడుక. ఇప్పుడు పగటి వృత్తి.

1868లో జొసయ్య టర్నరుయొక్క అన్నకుమారుడు రౌలీ టర్నరు పారిసు నగరమునుండి ఒక విచిత్రమైన వాహనమును తెచ్చెను. ముందొక చక్రము, వెనుకొక చక్రము, చట్రము ఇనుము, చక్రములు కొయ్య, వానిపై ఇనుపకట్టు. త్రొక్కుడుబిళ్లలు ముందు చక్రమునకే కలవు. రాళ్లు పరచిన వీథులలో దానిపై ఎక్కి పోయినవాని ఎముకలన్నియు కదలెడివి. ఇంగ్లీషువారు దానికి ఎముకలు కుదిపెడు బండియని పేరు పెట్టిరి. ఫ్రాన్సులో వీనికి గిరాకి చాల కలదనియు, కవెంట్రీలో తయారుచేసి పంపవచ్చుననియు రౌలీ చెప్పెను. కుట్టుయంత్రములు చేయు సంస్థ ఇట్లు వాహనములను చేయ మొదలిడెను. తన పేరును కూడ మార్చుకొనెను. పని లేని చేతులకు పని దొరకెను. ఇంతలో 1870లో ఫ్రాన్సునకును జర్మనులకును యుద్ధము పుట్టెను. ఫ్రాన్సునకు ఎగుమతి నిలిచిపోయెను. చేసిన బండ్లను స్వదేశముననే అమ్ముకొనవలసి వచ్చెను. స్వదేశమున అమ్ముడుపోవలెనన్నచో బండి ఇంతకంటె తేలికగను, వడిగను, ఒడలు నొవ్వనిదిగను ఉండవలెను.

స్టార్లీ ఆ బండిని ఎత్తి చూచెను, త్రొక్కి చూచెను. దోషమంతయు చక్రమునందే యున్నదని తేల్చెను. ఎడ్లబండి చక్రమున బరువు క్రింది ఆకులపై పడును. అవి బరువును మోయవలెను గనుక మందముగా నుండవలెను. మందముగా నున్నందున చక్రమే పెద్ద బరువగును. దీనికి విరుగుడు తీగెలలో కలదు. సన్నని ఇనుపతీగెను పైనుండి ఒత్తినచో వంగిపోవును, లాగినచో నిలుచును. చక్రపు నాభినుండి అంచునకు అన్నివైపుల తీగెలను బిగించి లాగి కట్టినచో, కొయ్య ఆకులు మోయు బరువును ఆ తీగెలే నిలుపగలవు. తీగెల చక్రములను ఫ్రాన్సులో అప్పటికే చేసియుండిరి. స్టార్లీ తన మిత్రుడైన విలియం హిల్మనుతో కూడి 1870లో తీగెల చక్రములతో లోహపు ద్విచక్రవాహన మొకదానికి పేటెంటు పొందెను. దానికి ఏరియల్ అని పేరిడిరి. ముందు చక్రము మనిషి రొమ్ము ఎత్తు, వెనుకది చిన్నది. ఈ బండి యెంతటి పనికివచ్చునో లోకమునకు చూపుటకై, మిత్రులిద్దరు ఒకనాడు తెల్లవారుజామున లండనులో బయలుదేరి, 96 మైళ్లు త్రొక్కి, అర్ధరాత్రి లోపల కవెంట్రీ చేరిరనియు, తరువాత రెండు మూడు దినములు మంచము దిగలేదనియు చెప్పుదురు. అప్పటికి స్టార్లీకి నలుబది యేండ్లు నిండియుండెను.

ఇంకొక లోపము మిగిలెను. తీగెలు నాభినుండి తిన్నగా అంచునకు పోయినచో, నాభిని త్రిప్పినపుడు అవి ఒక ప్రక్కకు వాలును. త్రొక్కిన బలమంతయు అంచునకు చేరదు. 1874లో స్టార్లీ తీగెలను నాభికి స్పర్శరేఖలుగా, ఒకదానినొకటి దాటునట్లు అమర్చెను. అప్పుడు నాభి తిరుగగానే కొన్ని తీగెలు అంచును వెంటనే లాగును. ఎదురు తీగెలు చక్రమును నిలకడగా పట్టును. మీ యింట సైకిలున్నచో బయటకు పోయి దాని వెనుక చక్రమును చూడుడు. చువ్వలు ఒకదానినొకటి దాటిపోవుచుండుట కానవచ్చును. అది 150 ఏండ్లనాటి స్టార్లీ చేతిపని.

ఎత్తైన ద్విచక్రముపై ఎక్కువాడు యువకుడై, సాహసియై యుండవలెను. రాయి తగిలినచో తలక్రిందుగా పడును. పెద్దవారు, స్త్రీలు దాని దరి చేరలేకపోయిరి. స్త్రీలు ప్రక్కకు కూర్చుండి త్రొక్కుటకు వీలుగ నొక బండిని స్టార్లీ కల్పించెను గాని అది కొనువారు లేకపోయిరి. అంతట ఆతడు త్రిచక్రవాహనములవైపు మనస్సు త్రిప్పెను. 1876లో ఆతడు చేసిన కవెంట్రీ త్రిచక్రము బాగుగ అమ్ముడుపోయెను. కాని దానికి నడుపు చక్రము ఒక్కటే, అదియు ఒక ప్రక్కన నుండెను. ఇక రెండు చక్రములను నడుపు బండిని చేయబూని, ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చుండి, ఒక్కొక్కరు ఒక్కొక్క చక్రమును త్రొక్కు జోడుబండిని నిర్మించెను.

1877లో నొకనాడు తండ్రియు, కుమారుడు విలియమును ఆ జోడుబండిపై బయలుదేరిరి. కుమారుడు యువకుడు, బలిష్ఠుడు. తండ్రి నడివయస్సు దాటినవాడు. ఎత్తు ఎక్కునప్పుడు కుమారుని చక్రము ముందునకు దూకెను, తండ్రి చక్రము వెనుకబడెను. బండి తండ్రివైపునకు తిరిగి, దారి తప్పి, ప్రక్కనున్న గుంటలో ముండ్లమొక్కల నడుమ పడవైచెను. ఈ కథను స్టార్లీ వంశమువారు చాలకాలము చెప్పుకొనిరి. కుమారుని ఎక్కువ బలమే కష్టమునకు కారణమైనది. గుంటలోనుండి లేచిన తండ్రికి తోచినదేమనగా, ఇద్దరి బలమును మొదట నొక్కచోట కలిపి, ఆ కలిపిన బలమును రెండు చక్రములకును సమముగ పంచవలెను. అయినను మలుపులో ఒకటి వడిగా, మరియొకటి మెల్లగా తిరుగుటకు స్వేచ్ఛ నీయవలెను. సమమైన బలము, వేరువేరు వేగము. పైకి చూచుటకు ఇవి రెండును పొసగని కోరికలు.

అవి యెట్లు పొసగునో మన రైతునకు తెలియనిది కాదు. నాగలికి కట్టిన కాడిని చూడుడు. కాడి నడుమ పలుపుతో కట్టబడియుండును. రెండు కొనలయందు రెండెడ్లు. ఒక యెద్దు అడుగు ముందునకు వేసినచో కాడి వాలును, రెండవ యెద్దు ఆమేరకు వెనుకబడును. అయినను నాగలి నడుమనుండి లాగబడుచునే యుండును. నడుమ కట్టు ఎంత ముందునకు పోవునో అది రెండెడ్ల నడకకు సరాసరి. స్టార్లీ గేరు గుండ్రముగ తిరుగు కాడియే. ఇరుసును నడుమ రెండుగా ఖండించి, ఒక్కొక్క ముక్క వెలుపలి కొనకు చక్రమును, లోపలి కొనకు పండ్లచక్రమును బిగించవలెను. ఎదురెదురుగా నున్న ఆ రెండు పండ్లచక్రముల నడుమ, రెంటినిని పట్టుకొనియుండు చిన్న పండ్లచక్రమును ఒక చట్రములో నిలుపవలెను. గొలుసు ఆ చట్రమును త్రిప్పును. తిన్నని దారిలో చిన్న పండ్లచక్రము తనచుట్టు తాను తిరుగక, కాడివలె రెండువైపులను సమముగ నెట్టుకొనిపోవును. మలుపులో తనచుట్టు తాను కొంచెము దొర్లి, ఒక ప్రక్క తగ్గించిన దానిని రెండవ ప్రక్కకు చేర్చును. ఆ కాలపువారు దీనికి బ్యాలెన్స్ గేరు అని పేరిడిరి. నేటి మోటారు పనివారు డిఫరెన్షియల్ అందురు. ఫ్రాన్సులో పెకర్ అను గడియారపు పనివాడు సుమారు అర్ధశతాబ్దికి ముందే ఆవిరిబండి కొరకు ఇట్టి సాధనమును కల్పించియుండెను. కాని ఆ బండి జనులకు అందినది కాదు. వేలకొలది జనులు వీథులలో త్రొక్కు వాహనమునకు దీనిని చేర్చినవాడు స్టార్లీ.

ఈ గేరునకు గుణమేదియో దోషమును అదియే. బలమును రెండువైపుల సమముగ పంచును. కావున ఒకవైపు పట్టు లేనిచో రెండవవైపునకును బలము పోదు. ఒక యెద్దు కాడి క్రింద ఊరకే ముందునకు జారిపోయినచో రెండవ యెద్దు ఎంత బలముగలదైనను నాగలి కదలదు గదా! వాన కురిసిన తరువాత కుందుర్పి చుట్టుపట్ల పొలములో గాని, వంక ఇసుకలో గాని ట్రాక్టరు దిగబడినపుడు దీనిని చూడవచ్చును. బురదలోని వెనుక చక్రము గిరగిర తిరుగుచుండును. గట్టినేలపై నున్న రెండవ చక్రము కదలక నిలుచును. అందుకే ట్రాక్టరునకు డిఫరెన్షియల్ లాకు అను తాళము నుంచిరి. దానిని కాలితో నొక్కినచో రెండు ఇరుసుముక్కలు ఒక్కటగును. రెండు చక్రములు కలిసి తిరుగును. గట్టినేలపై చక్రము బండిని బయటకు లాగును. దిగబడినచోటు దాటగానే, మలుపు తిప్పుటకు ముందే, తాళము విడువవలెను. విడువని డ్రైవరునకు ట్రాక్టరు మలుపునకు లొంగదు. ఒకప్పుడు ఇరుసు విరిగినను విరుగును.

పందెపు కార్లవారికిని ఈ చిక్కు ఎదురయ్యెను. 1930 దశకమున జర్మనీలో పోర్షె రూపొందించిన పందెపు కార్లకు ఇంజను బలము మిక్కుటము. వెనుక చక్రములలో ఒకటి ఊరక తిరిగి బలమంతయు వ్యర్థమగుచుండెను. 1935లో అట్టి కార్లకు, చక్రముల వేగపు తేడాను కొంతవరకే అనుమతించు క్రొత్త డిఫరెన్షియలును అమర్చిరి. నేడు వెనుక చక్రములతో నడచు వీథికార్లకు సైతము కొందరు ఉత్సాహవంతులు తాళము వేయుచున్నారు. వెల తక్కువ పద్ధతి యేమనగా, లోపలి చిన్న పండ్లచక్రములను వెల్డింగుతో అతికించివేయుట. ఆ తాళమునకు చెవి లేదు. వేసిన పిమ్మట విడువ వీలుకాదు. అట్టి కారు మలుపు తిరుగునపుడెల్ల లోపలి టైరు నేలపై రాచుకొని కీచుమనును, త్వరగా అరిగిపోవును. ఇరుసులపై మెలి పడును. మెల్లగా తిరుగునపుడు ముందు చక్రములు ఎంత త్రిప్పినను కారు నేరుగ పోజూచును. ఇంతకంటె గొప్ప ప్రమాదము తడిసిన రోడ్డుపై కలదు. మామూలు కారులో ఒక చక్రము జారినను రెండవదానికి త్రిప్పుబలము చాలినంత పోదు గనుక, అది నేలను పట్టుకొని కారు వెనుకభాగమును నిలుపును. తాళము వేసిన కారులో రెండును ఒక్కమారే పట్టు విడుచును. వెనుకభాగము గిఱ్ఱున తిరిగిపోవును. పందెపు మైదానములో ఎదుట బడిపిల్లలుగాని ఎద్దులుగాని రారు, వీథిలో వత్తురు. స్టార్లీ తీర్చిన చిక్కును డబ్బు పెట్టి మరల కొని తెచ్చుకొనుట వింతయే.

ఇక కథకు మరలుదము. బ్యాలెన్స్ గేరు అమర్చిన క్రొత్త వాహనమునకు స్టార్లీ సాల్వో అని పేరు పెట్టెను. రెండు పెద్ద చక్రముల నడుమ ఆసనము. ముందు దారి మళ్లించు చిన్న చక్రము. వెనుకకు తిరుగబడకుండ మరియొక చిన్న చక్రము. గౌను ధరించిన స్త్రీ కూడ సుఖముగ కూర్చుండి త్రొక్కవచ్చును. అది ప్రక్కకు లాగదు, మలుపులో మొండికేయదు. వైద్యులును మతాచార్యులును వర్తకులును దానిపై తిరుగసాగిరి. బండ్ల తయారీ కవెంట్రీకి క్రొత్త జీవమైనది. మగ్గములు మూలబడిన వీథులలో చువ్వలు బిగించువారు, గొలుసులు చేయువారు, ఆసనములు కుట్టువారు కనబడజొచ్చిరి.

1881లో విక్టోరియా రాణి వైట్ ద్వీపములోని తన భవనమునకు చేరువను గుఱ్ఱపుబండిపై పోవుచుండగా, సాల్వోపై నొక యువతి ముందుగా దూసికొనిపోవుట చూచెనట. రాణి ఆ యువతిని పిలిపించి, వాహనమును పరీక్షించి, రెండు సాల్వోలను కొనుటకు ఉత్తరువు చేసెను. నిర్మించినవాడే స్వయముగ రావలెనని కబురు వచ్చెను. పొలములో ఎలుకల బోను చేసిన బాలుడు రాణి యెదుట నిలువవలసి వచ్చెను. రాజభవనపు మర్యాదలు ఆతడెరుగడు. రాణి ఆతనికొక వెండి గడియారమును బహూకరించెను. గడియారములు విప్పి కుటుంబమును పోషించుకొన్నవానికి అంతకంటె తగిన బహుమానము దొరకదని నాకు తోచును. నాటినుండి ఆ వాహనమునకు రాయల్ సాల్వో అను పేరు వచ్చెను. రాణియే కొన్నదని తెలిసిన పిదప ఉన్నత కుటుంబముల స్త్రీలు దానిని త్రొక్కుటకు సంకోచింపలేదు.

కాని అప్పటికే స్టార్లీ దేహమున పుట్టకురుపు ప్రవేశించియుండెను. ఆ సంవత్సరము జూన్ 17వ తేదీన కవెంట్రీలో ఆతడు మరణించెను. వయస్సు 51 ఏండ్లు. ఆతడు వర్తకుడు కాడు. ఏరియల్ వంటి కొన్ని బండ్లను ఇతరులు తయారుచేసి అమ్మిరి. ఆతని మనస్సు ఎల్లప్పుడు రాబోవు బండిపైననే. మోటారుకారును ఆతడు కన్నులార చూడలేదు. ఆతడు పోయిన నాలుగేండ్లకు, 1885లో, జర్మనీలో కార్ల్ బెంజ్ తన మూడు చక్రముల మోటారుబండిని నిర్మించి, వెనుక చక్రములను నడుపుటకు డిఫరెన్షియలునే వాడెను. అదే సంవత్సరము కవెంట్రీలో స్టార్లీ అన్నదమ్ముల బిడ్డయైన జాన్ కెంప్ స్టార్లీ, రెండు చక్రములు ఇంచుమించు సమానమైన ఎత్తు గలిగి, వెనుక చక్రమునకు గొలుసు గల రోవర్ సైకిలును వెలువరించెను; నేడు మనము త్రొక్కు సైకిలు దాని వంశములోనిదే. మిత్రుడు హిల్మను ముసలితనమున మోటారుకార్ల నిర్మాణమునకు పూనుకొనెను.

కవెంట్రీ ప్రజలు 1884లో గ్రేఫ్రయర్స్ గ్రీన్ అను చోట స్టార్లీకి స్మారక స్తంభము నెత్తిరి. దానిపై ఆతని ముఖమును, ఆతని వాహనముల రూపములును చెక్కబడియున్నవి.